మడత మార్చని చీర

బెంగుళూరు,
3 జూలై 2002

అరుణ వదినకు,

నువ్వు బాగున్నావా అని అడగను. అడిగితే "ఉండాము లే" అని రాస్తావు, అందులోంచి ఏమీ తేలదు. ఇక్కడ మేము బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే మీ వీధికంతటికీ బాలప్ప అంగడి ఫోనే గతి. నువ్వు అక్కడ నిలబడి ఊ అన్నా సాయంత్రానికి సగం ధర్మవరానికి తెలిసిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

పోయిన వారం మా ఆయన ఊరికి వచ్చినప్పుడు వీరేషన్న ఒక మాట అన్నాడట. "దసరాకు ఆయుధపూజ చేసి మగ్గం తిప్పయ్యకు ఇచ్చేస్తా శ్రీకాంతూ. బెంగుళూర్లో యాడన్నా వాచ్‌మన్ పని చూసిపెట్టు." ఈ సంగతి నాకు చెప్పేసి మా ఆయన అన్నం తిన్నాడు. నాకు ముద్ద దిగలేదు. తిప్పయ్య మగ్గాలు కొనేది నేయడానికి కాదు కదా వదినా, కొయ్య కోసం. నాయన నలభై ఏళ్ళు కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మగ్గం గుంత అది. అన్న ఏదో గేటు ముందు కుర్చీ వేసుకుని కార్లకు లేచి నిలబడడం నేను చూడలేను.

అందుకని ఒక దారి వెతికాను. మా ఆయన పనిచేసే చీరల అంగడి ప్రసూనమ్మది. రాప్తాడు పక్క భూములున్న ఇంటి ఆడబిడ్డ, బెంగుళూరులో స్థిరపడింది. పాత పట్టుచీరలు బాగుచేసిచ్చే పని కొత్తగా మొదలుపెట్టబోతున్నారు. చిరుగులు కలపడం, అంచు మార్చడం, అన్నీ. ఆ పని మొత్తం ఒక్కరి చేతికే ఇస్తారట. ఇద్దరిని అనుకుంటున్నారు. ఒకడు ఇక్కడే మిషన్లు పెట్టుకున్నవాడు. రెండోది నువ్వు. నీ పేరు నేనే చెప్పాను.

మొన్న నేను ఆడవాళ్ళ వ్యాపార శిక్షణకు మూడు రోజులు వెళ్ళాను. అక్కడ మేడమ్ ఒక మంచి మాట చెప్పారు. పోటీకి వచ్చినవాడి దగ్గర మిషనుంటుంది, డబ్బుంటుంది, మీ దగ్గర మీరు తప్ప ఏమీ ఉండదు, కాబట్టి మీలో ఉండి వాడిలో లేని గుణమేదో అదే మీ పెట్టుబడి అన్నారు. ప్రసూనమ్మకు కూడా ఈ మాట నచ్చి, ఇద్దరికీ ఒక కాగితం ఇమ్మన్నారు. దీంతో పెడుతున్నాను. "మీ వ్యక్తిగత బలాలు ఐదు రాయండి" అని ఉంది. ఆలోచించి రాయి. తొందరగా రాయి.

నీ ఆడబిడ్డ,
వనజాక్షి


ధర్మవరం,
8 జూలై

వనజా,

కాగితం అందింది. ఐదు గీతలున్నాయి. రెండు రోజులుగా అవి నన్ను చూస్తున్నాయి, నేను వాటిని చూస్తున్నాను.

మీ అన్ననే అడిగాను. "ఏమప్పా, నాలో ఏం బలముండాది?" అంటే, తలెత్తకుండా, "నోరుండాది కదా, అది చాలదా?" అన్నాడు. పక్కింటి సుంకమ్మను అడిగితే, "నీకు బలమేంది తల్లీ, రెండు దోసెలు తింటే మూడో దోసెకు ఆయాసపడతావు" అంది. ఇదీ నా పరపతి.

నువ్వు రాసినదంతా నిజమే. ఆయన అన్నది నాకు తెలియదనుకున్నావా? కిందటి చీర కోసి తీశాక కొత్త పడుగు ఎక్కించలేదు. పాత పడుగు కొసలు మాత్రం పోగులు దూరే అచ్చులోంచి వేలాడుతున్నాయి. అవి ఉన్నంతవరకు పరవాలేదు, కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి మెలేసి అతికితే మగ్గం మళ్ళీ నడుస్తుంది. నేను రోజూ లేవగానే ముందు ఆ కొసలు చూస్తాను, తర్వాతే మొహం కడుక్కుంటాను.

బలాల సంగతికొస్తే, నాకు తెలిసింది ఒకటే. తెగిన పోగు కనబడితే మగ్గం ఆపేస్తాను. కొస దొరికేదాకా కదలను. ఎవరు అరిచినా కదలను. మూడేళ్ళ కింద ఆ గుత్తివాళ్ళ పెళ్ళిచీర గుర్తుందా? పడుగులో పోగులు వరసగా తెగుతున్నాయి, ఇదేదో పట్టులోనే లోపం అని నాలుగు రోజులు ఆపించాను. ముహూర్తం దాటిపోయింది. షావుకారు మనకు పట్టు ఇవ్వడం మానేశాడు. మీ అన్న ఇప్పటికీ దాన్ని మరిచిపోలేదు. పైకి అనడు గానీ, నేను మజ్జిగ పోస్తుంటే "చాలు, ఆపు. ఆపడం నీకు బాగా తెలుసు కదా" అంటాడు.

దాన్నే మొదటి గీత మీద రాశాను. మిగతా నాలుగు ఖాళీ. నీకు తోచింది ఏదైనా ఉంటే చెప్పు, నిజమైతే రాస్తాను.

ఇక్కడ ఇంకా చినుకు లేదు. శనక్కాయ విత్తనం ఇళ్ళల్లోనే ఉంది.

అరుణ


బెంగుళూరు,
17 జూలై

వదినా,

ముందు సంతోషమైన కబురు. ప్రసూనమ్మ ఒప్పుకున్నారు! మొదటి చీర నీకే ఇస్తున్నారు. అది బాగా వస్తే పని మొత్తం నీదే.

ఇప్పుడు తిట్టించుకునే కబురు. నీ కాగితం నేను మళ్ళీ రాసిచ్చాను. కోప్పడకు. "మగ్గం ఆపేస్తాను" అని ఎవరైనా వ్యాపారానికి రాసిస్తారా? పెళ్ళికొడుకు తనకు మూర్ఛ ఉందని శుభలేఖలో వేయించుకున్నట్టుంది. దాన్ని కొట్టేసి ఐదూ నింపాను. తియ్యగా మాట్లాడుతుంది. ఎవరికీ కాదని చెప్పదు. ఒప్పుకున్న రోజుకు ఇస్తుంది. ఎంతటి మనిషి మనసైనా కనిపెట్టి నడుచుకుంటుంది. ఎంత కష్టమైనా పైకి కనబడనివ్వదు. చదివి ప్రసూనమ్మ, "ఇట్లాంటి మనిషే నాకు కావాల. మీ వదిన ఇన్నాళ్ళూ యాడుండాది?" అన్నారు.

చీర మామూలుది కాదు. ప్రసూనమ్మ వాళ్ళమ్మ బయమ్మ గారి పెళ్ళిచీర. నలభై ఆరేళ్ళది. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉందట. పెళ్ళయి పదహారు రోజుల పండుగ జరిగాక చీరకు పసుపు బొట్లు పెట్టి మడతపెట్టి పెట్టెలో పెడతారు. మళ్ళీ ఆ ఇంట్లో పెళ్ళి వచ్చేదాకా మడత విప్పకూడదు. విప్పితే అచ్చిరాదట. ప్రసూనమ్మ పెళ్ళిలో ఒక్కసారి విప్పి, మళ్ళీ అదే మడతలో పెట్టేశారు. ఇప్పుడు ఆమె కూతురి పెళ్ళి ఆగస్టు ఇరవై తొమ్మిదిన. బయమ్మ గారు పోయి ఏడాదైంది. తన చీర మనవరాలు కట్టుకోవాలని ఆమె కోరికట. కొంగులో నాలుగు చిల్లులు, అంచు రెండు చోట్ల ఊడింది. ఇరవై రోజుల్లో ఇస్తావని చెప్పాను.

ఆదివారం మా ఆయన తెస్తున్నాడు. వదినా, అన్న మగ్గం ఈ చీర మీద ఆధారపడి ఉంది. దయచేసి నోరు కొంచెం కట్టుకో.

నీ వనజ


ధర్మవరం,
28 జూలై

వనజా,

నువ్వు రాసిన ఆ ఐదు గుణాల ఆడమనిషి ఎవరో గానీ మీ అన్నకు దొరికి ఉంటే బాగుండేది. ఆమెను మా ఇంటికి పంపు. ఆమె చీర బాగుచేస్తుంది, నేను వంట చేసి పెడతాను.

చీర వచ్చి వారమైంది. నేను ఇంకా సూది పెట్టలేదు. కారణం చెప్తాను, నువ్వు కూడా మగ్గం ఇంట్లో పుట్టినదానివే కాబట్టి నీకు అర్థం కావాలి.

కొంగులో చిల్లులు ఏమీ కావు. అంచు కూడా ఏమీ కాదు. చాప మీద పరిచి ఎండకు అడ్డంగా పట్టుకుని చూశాను. మడత పడిన ప్రతి చోటా పట్టు పెళుసెక్కింది. నలభై ఆరేళ్ళు ఒకే మడతలో ఉండిపోతే ఏమవుతుంది? పోగు అక్కడే వంగి వంగి, లోపలే విరిగిపోయింది. చూడ్డానికి చీర నిండుగా ఉంది, ఆ కుంకుమ రంగు చూస్తే నాకే కట్టుకోవాలనిపించింది. కానీ వేలితో మడత మీద మెల్లగా అదిమితే కరకరమంటుంది. పట్టు అట్లా అనకూడదు. ఏటా ఉగాదికి ఒకసారి తీసి మడత మార్చి ఉంటే ఇంకో నలభై ఏళ్ళు ఉండేది. మంచి జరగాలని విప్పకుండా దాచారు, ఆ దాచడమే దాన్ని తినేసింది.

దీన్ని లాగి అంచు కుట్టామంటే మడత దగ్గర విడిపోతుంది. ఇరవై రోజులు కాదు, రెండు నెలలు కావాలి. ప్రతి మడత కిందా సన్నపట్టు పెట్టి పోగు పోగు పట్టించాలి. అప్పుడు కూడా పెళ్ళికూతురు కట్టుకుని పీటల మీద కూర్చోవడానికి పనికిరాదు.

ఇప్పుడు చెప్పు, "ఎవరికీ కాదని చెప్పదు" అని రాసిచ్చావే, ఆ మనిషి ఇక్కడ ఏం చేస్తుంది? నాకు భయంగా ఉంది వనజా. కాదంటే మగ్గం పోతుంది. అవునంటే చీర పోతుంది. వారం నుంచి ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాను, పొయ్యి మీద పాలు మూడుసార్లు పొంగబెట్టాను.

మీ అన్న మాట్లాడడం తగ్గించాడు. మొన్న కొత్త బ్లేడు కొనుక్కొచ్చి కిటికీలో పెట్టాడు. నేను అటు చూడకుండా పని చేసుకుంటున్నాను.

ఏం చేయమంటావో వెంటనే రాయి.

అరుణ


బెంగుళూరు,
1 ఆగస్టు

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అన్న బ్లేడు తెచ్చి కిటికీలో పెట్టాడని రాసి, ఆ తర్వాత వాక్యంలో పని చేసుకుంటున్నానంటావా? మీ వీధి చివరింట్లో పోయిన ఏడు ఏం జరిగిందో మరిచిపోయావా? ఆ ఇంటాయన కూడా ముందు మాట్లాడడమే తగ్గించాడు. ఆ బ్లేడు తీసి పారెయ్. అన్నను ఒంటరిగా వదలకు. నేను వద్దామంటే పాపకు జ్వరం.

చీర సంగతి నేను వేడుకుంటున్నాను. పైపైన అయినా బాగుచేసి ఇచ్చెయ్. పెళ్ళి ఒక్క పూట. ఆ పూట నిలబడితే చాలు, తర్వాత పెట్టెలోకే కదా వెళ్తుంది. ప్రసూనమ్మ నిన్న అడిగితే సగం పని అయిపోయిందని చెప్పేశాను. ఇప్పుడు వెనక్కి పోలేను. ఈ పని వస్తే అన్న మామూలు మనిషవుతాడు. నాకు అదొక్కటే కావాలి.

అన్న ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. కార్డు మీదైనా సరే.

వనజ


ధర్మవరం,
2 ఆగస్టు

వనజా,

నీ జవాబు కోసం చూశాను. రాలేదు. రోజులు పోయేకొద్దీ వాళ్ళకు ఇంకో దారి వెతుక్కునే వ్యవధి కూడా ఉండదు. అందుకే నేనే తేల్చుకున్నాను.

సుంకమ్మ ఈ రోజు వాళ్ళ కూతురింటికి బెంగుళూరు వస్తోంది. చీర ఆమెకిచ్చి, నేరుగా అంగట్లో ప్రసూనమ్మ చేతికే ఇమ్మన్నాను. నీకు పంపలేదు. నీకిస్తే చీటీ మార్చేస్తావు. చీటీలో రాసింది ఇదే:

"ప్రసూనమ్మ గారికి. ఈ చీర కట్టుకోవద్దు. మడత మడతకూ పట్టు విరిగి ఉంది. లాగినా, మడతలు పోవడానికి రోలింగ్‌కు వేసినా విడిపోతుంది. రెండు నెలలు ఇస్తే వెనక పట్టు పెట్టి నిలబెడతాను, అప్పుడు కూడా భుజాన వేసుకోవడానికే. పెళ్ళి లోపల నా వల్ల కాదు. అరుణజ్యోతి."

మీ అన్నకు చెప్పాను. ఆయన బీడీ ముట్టించుకున్నాడు. తర్వాత, "మళ్ళీ ఆపినావు" అన్నాడు. అంతే.

అరుణ


బెంగుళూరు,
9 ఆగస్టు

వదినకు,

నీ చీటీ పెళ్ళింట్లో బాంబులా పడింది. పసుపు కొట్టిన రోజున "ఈ చీర కట్టుకోవద్దు" అని ఎవరైనా రాసి పంపుతారా? ప్రసూనమ్మ అత్తగారు అపశకునమని ఏడ్చిందట. ప్రసూనమ్మ మా ఆయన్ని పిలిచి అందరి ముందూ అడిగారు. "సగం అయిందని మీ ఆవిడ చెప్పింది. చీర చూస్తే సూది కూడా దిగలే. మీ ఇంట్లో ఎవురి మాట నమ్మాల?" మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆయన్ని ముందు గదిలోంచి తీసి గోడౌనుకు వేశారు. పదకొండేళ్ళు నవ్వుతూ చీరలు విప్పి చూపించిన మనిషి ఇప్పుడు అట్టపెట్టెలు మోస్తున్నాడు. ఇంట్లో నాతో మాట్లాడడం లేదు.

చీరను మిషనతనికి ఇచ్చారు. అతను చూసి నవ్వి, "పది రోజులు చాలమ్మా" అన్నాడట. చూశావా, అదీ వ్యాపారమంటే.

నీకు నిజం చెప్పడం సుఖంగా ఉంటుంది వదినా. దాని ఖర్చు వేరేవాళ్ళు పెట్టుకుంటారు. గుత్తివాళ్ళ చీరప్పుడు అన్న పెట్టుకున్నాడు. ఇప్పుడు మా ఆయన.

అన్న గురించి రాయమంటే రాయలేదు. బాలప్ప అంగడికి మూడుసార్లు ఫోన్ చేశాను, "ఉండాడమ్మా, బీడీ తాగతాండాడు" అన్నాడు. అది విన్నాక గానీ నాకు ఊపిరి రాలేదు.

వనజాక్షి


ధర్మవరం,
20 ఆగస్టు

వనజా,

పది రోజులు జవాబు రాయలేకపోయాను. రాసి రెండు చించేశాను.

ముందు బ్లేడు సంగతి. అయ్యో, నువ్వు అలా అనుకుంటావని నాకు తోచలేదు. అది పడుగు కొసలు కోయడానికే తెచ్చాడు. ఆ కొసలు కోసేస్తే అచ్చులో ఒక్క పోగు కూడా ఉండదు, మళ్ళీ మొదటి నుంచి వేల పోగులు ఎక్కించుకోవాలి, అంత ఓపిక ఇంక ఈ ఇంట్లో లేదు. మగ్గం అమ్మేవాడు కొసలు కోసే ఇస్తాడు. నేను భయపడింది దానికి. మగ్గం ఇల్లు కదా, బ్లేడంటే నీకు అదే గుర్తొస్తుందనుకున్నాను. ఊరు వదిలి పద్నాలుగేళ్ళయిందని మరిచిపోయాను. నా తప్పే. అన్ని రోజులు నిన్ను అంత భయపెట్టానా అని తలుచుకుంటే ఏడుపొస్తోంది.

నువ్వు రాసిన ఇంకో మాట దగ్గర కూడా ఏడ్చాను. ఖర్చు వేరేవాళ్ళు పెట్టుకుంటారన్నావే, అది. నిజమే వనజా. శ్రీకాంతన్న మొహం గుర్తొస్తే నాకు సిగ్గుగా ఉంది. నీ కాగితంలో ఉన్న మనిషిని నేనై ఉంటే ఈ ఇల్లు ఎప్పుడో నిలదొక్కుకునేది. ఇప్పుడు నాకు కూడా మీ అన్నతో రావాలని ఉంది. ఆయన గేటు దగ్గర కూర్చుంటే నేను నాలుగిళ్ళలో వంట చేస్తాను. చపాతీ మాడుతుందనుకుంటే పొయ్యి ఆపేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

నా మీద కోపం ఎన్నాళ్ళైనా ఉంచుకో. కానీ ఒక్కటి చెయ్. ఆ మిషనతన్ని చీర రోలింగ్‌కు వేయొద్దని చెప్పించు. కుట్టినవన్నీ కుట్టుకోనీ. రోలర్ల మధ్య పెట్టి లాగితే ఆ చీర బతకదు. నా మాటగా వద్దు, నీ మాటగా చెప్పు. నీ మాటైతే వింటారు.

అరుణ


బెంగుళూరు,
4 సెప్టెంబరు

వదినా,

ఈ ఉత్తరం రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఇందులో నేనేదైనా తియ్యగా రాసినట్టు అనిపిస్తే అక్కడ చించి పారెయ్.

నీ ఉత్తరం నాకు ఆగస్టు ఇరవై మూడున అందింది. చీరను రోలింగ్‌కు వేసింది ఇరవై ఐదున. మధ్యలో రెండు రోజులున్నాయి. నేను ప్రసూనమ్మకు చెప్పలేదు. రెండుసార్లు అంగడి మెట్ల దాకా వెళ్ళాను. రెండోసారి ఆమెను చూశాను కూడా. ఆమె పెళ్ళి పనుల్లో నవ్వుతూ, "ఏం వనజా, చీర భలే వస్తాండాదంట!" అన్నారు. నేను కూడా నవ్వి, "చాలా సంతోషమమ్మా" అని వచ్చేశాను. ఆ నవ్వు మొహం మీద ఒక చేదు మాట వేయడానికి నాకు నోరు రాలేదు. నాకెప్పుడూ రాదు వదినా. అది ఆ రోజే నాకు తెలిసింది.

చీర రోలర్లలోంచి బయటికి వచ్చేసరికి మడత మడతకూ విడిపోయింది. మిషనతను మూట కట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "పాత మాల్ అమ్మా, మా జవాబుదారీ లేదు" అని వెళ్ళిపోయాడు. ప్రసూనమ్మ ఆ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని వాళ్ళమ్మ పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చారట. పెళ్ళి కొత్త చీరతోనే జరిగింది.

పెళ్ళయ్యాక ఆమె మా ఆయన్నీ నన్నూ పిలిపించారు. బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి నేనిచ్చింది, ఐదు బలాలది. రెండోది నీ చీటీ. "ఈ రెండూ ఒక మనిషివి కావు. ఇందులో మీ వదిన యాది?" అని అడిగారు.

నేను నీ చీటీ మీద వేలు పెట్టాను. మరి ఇదెవరు అని రెండోది చూపించారు. అప్పుడు నాకు కనబడింది వదినా. తియ్యగా మాట్లాడుతుంది, ఎవరికీ కాదని చెప్పదు, కష్టం పైకి కనబడనివ్వదు. నీ బలాలని రాసి ఇచ్చినవన్నీ నావి. నువ్వు గెలవాలంటే నాలా ఉండాలని నాకు అంత నమ్మకం. "ఇది నేనమ్మా" అన్నాను. రెండు రోజుల సంగతి కూడా చెప్పేశాను. నా జీవితంలో ఎదుటి మనిషికి నచ్చని మాట కళ్ళలోకి చూస్తూ చెప్పడం అదే మొదలు.

ఆమె నేనిచ్చిన కాగితం నాకే తిప్పి ఇచ్చారు. వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. తర్వాత, "అంగట్లో కాదనేవాళ్ళు లేకనే నేను మా అమ్మ చీర పోగొట్టుకున్నా. ఇంగ మీద ఏ పాత చీర వచ్చినా ముందు మీ వదిన చూడాల. ఆమె అవునంటేనే పని తీసుకుంటా" అన్నారు. నన్ను ముందు గదిలో కూర్చోమన్నారు. నువ్వు కాదని రాసి పంపితే, ఆ కాదును చీర తెచ్చినవాళ్ళకు నొప్పి లేకుండా చెప్పడం నా పని. అయితే మాట మార్చకూడదు, అదొక్కటే షరతు. మా ఆయన్ని కూడా గోడౌనులోంచి వెనక్కి తెచ్చారు, కానీ ఆయన నాతో ఇంకా ముక్తసరిగానే ఉన్నాడు. ఉండనీ.

చీర ముక్కలు పంపుతున్నాను. ఇందులో ఏది బతుకుతుందో చెప్పమన్నారు. ఏదీ బతకదంటే అదే రాయమన్నారు.

అన్న ఏమంటున్నాడు? దసరా ఇంకెన్ని రోజులో లేదు.

నీ వనజ


ధర్మవరం,
17 అక్టోబరు

వనజకు,

చీరలు ఇప్పటికి పదకొండు వచ్చాయి. ఆరు తిప్పి పంపాను. అందులో ఒకామె నీ మాటలు విని, చీర బాగుపడకపోయినా సంతోషంగా వెళ్ళిపోయిందని శ్రీకాంతన్న చెప్పాడు. అది నా వల్ల జన్మలో కాదు. నేనైతే, "దీనికి దహనం ఒక్కటే తక్కువ" అని ఉండేదాన్ని.

బయమ్మ గారి చీరలో కొంగు బతుకుతుంది, అంచు మూడు మూరలు బతుకుతుంది. ఒళ్ళంతా పోయింది. అదే రాసి పంపాను కదా. వాటిని కొత్త నేత మీద పట్టిస్తే మనవరాలు భుజాన వేసుకునే ఉత్తరీయం అవుతుంది. కానీ కొత్త నేత కావాలి, అదే కుంకుమ రంగుది. దానికి మగ్గం కావాలి. మీ అన్నను అడిగితే, "మాటిచ్చినా తిప్పయ్యకు. దసరా మరసటి దినం వస్తాడు" అన్నాడు. మళ్ళీ అడగలేదు. ప్రసూనమ్మ పంపిన పట్టుతో పడుగు పోయించి మూలన పెట్టుకుని, నెల రోజులు ఊరికే ఆయన మొహం చూశాను. ఒక రోజు ఉంచుకుంటాడనిపించేది, ఒక రోజు ఇచ్చేస్తాడనిపించేది. కిటికీలో బ్లేడు మీద దుమ్ము పడిందా లేదా అని చూసుకునేదాన్ని.

ఆయుధపూజ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టాడు. నిమ్మకాయ కోశాడు, కిటికీలో ఉన్న ఆ బ్లేడుతోనే. కోసి కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆయన బయటికి వెళ్ళగానే పడుగు చుట్ట తీసుకుని మగ్గం వెనక కూర్చున్నాను. పాత కొసలకు కొత్త పోగులు అతకడం మొదలుపెట్టాను. వేలికి బూడిద రాసుకోవడం, మెలేయడం, ఇంకోటి. ఆయన వచ్చి చూశాడు. ఎదురుగా కూర్చుని రెండో పక్క నుంచి అతకడం మొదలుపెట్టాడు. మర్నాడంతా కూడా అదే పని. తిప్పయ్యకు ఏం చెప్తావని నేను అడగలేదు. అడిగితే లేచిపోతాడేమోనని భయం.

నిన్న తిప్పయ్య ఎద్దులబండి తోలుకుని వచ్చాడు, రంపం కూడా తెచ్చుకున్నాడు. మీ అన్న గుంతలో కూర్చుని నేస్తున్నాడు. మూరెడు నేత పడింది. తిప్పయ్య గడప దగ్గర నిలబడి, "ఏమప్పా వీరేషా, బండి కట్టుకోని వచ్చినా, నువ్వు నేస్తాండావే!" అన్నాడు. మీ అన్న నేస్తూనే ఉన్నాడు. నేను పొయ్యి దగ్గర కూర్చుని, గరిటె చేతిలో పెట్టుకుని వింటున్నాను.

అప్పుడే ఒక పోగు తెగింది. నాకు అక్కడికే తెలిసింది, చప్పుడు మారింది. మామూలుగా అయితే మీ అన్న ఇంకో నాలుగు పోట్లు నేసి తర్వాత చూసుకుంటాడు. నాకూ ఆయనకూ పదిహేడేళ్ళుగా గొడవే అది. నిన్న చేయి ఆపేశాడు. ముందుకు వంగి, తెగిన కొస కోసం వేళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు.

తిప్పయ్య కాసేపు చూశాడు. "ఇంగెంతసేపప్పా?" అన్నాడు.

"తెగిన కొస దొరికేదాంకా" అన్నాడు మీ అన్న, తలెత్తకుండా. "నీకు తొందరైతే పో. ఈ మగ్గం ఇచ్చేది లేదు."

వదిన